నత్తో నుంచి నెత్తళ్ళ దాకా

అన్నం తింటూ ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి ఇక్కడే ఆపేయండి. చెయ్యి కడుక్కున్నాక మళ్ళీ పెట్టుకోండి. నేనేమీ అనుకోను.

ఈవేళ మాట్లాడబోయేది తిండి గురించే. అయితే మొదటిసారి ముక్కు మూసుకుని, రెండోసారి మొహమాటానికి తిని, పదోసారికి మనమే వెతుక్కుంటూ వెళ్ళే తిండి ఒకటి ఉంటుంది కదా, దాని గురించి. నేను ప్రపంచమంతా తిరిగినవాణ్ణి కాను. ఉద్యోగం మీద జపాన్‌లో మూడేళ్ళు, స్వీడన్‌లో ఎనిమిది నెలలు ఉన్నాను, అంతే. కాబట్టి నేను తిన్నవాటి గురించి తిన్నట్టు, తిననివాటి గురించి తిననట్టే చెప్తాను.

ముందు ఒక చిరాకు చెప్పుకోవాలి. ఛాలెంజ్ వీడియోలని వస్తుంటాయి, చూసే ఉంటారు. ఏదో దేశం వాళ్ళ చేప డబ్బా తెప్పించుకుంటారు, నాలుగు గోడల మధ్య తెరుస్తారు, గిన్నె ముందు పెట్టుకుని కెమెరాలో కక్కుతారు. ఆవకాయ జాడీ తెచ్చి, అన్నం లేకుండా, నెయ్యి లేకుండా, గరిటెడు నోట్లో పోసుకుని "ఇదేం తిండిరా బాబూ, తెలుగువాళ్ళు ఎలా తింటార్రా" అని ఏడిస్తే మనకెలా ఉంటుంది? ఆ డబ్బా తాలూకు మనుషులకీ అలాగే ఉంటుంది.

సరే, జపాన్‌కి వద్దాం. టోక్యోకి ఈశాన్యంగా ఇబరాకి అని ఒక ప్రాంతం. దాని ముఖ్యపట్టణం మితో. మనకి ఆత్రేయపురం అంటే పూతరేకులు, బందరు అంటే లడ్డూ. వాళ్ళకి మితో అంటే నత్తో. నేను మొదటి మూడు నెలలు ఆ దగ్గర్లోనే ఒక ముసలావిడ నడిపే చిన్న వసతి గృహంలో ఉన్నాను. పొద్దున్న టిఫిను కూడా ఆవిడే పెట్టేది. వేడన్నం, మిసో పులుసు, ఒక చేప ముక్క, పక్కన చిన్న తెల్ల డబ్బా. మొదటి రోజు ఆ డబ్బా మూత తీశాను. తీసినంత మెల్లగానే మూసేశాను.

నత్తో అంటే పులియబెట్టిన సోయా గింజలు. గింజల్ని రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించి, వేడి మీదనే బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా కలిపి, దాదాపు 40 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజు ఉంచుతారు. పూర్వం విడిగా కలిపే పని లేదు. ఉడికిన గింజల్ని వరిగడ్డిలో చుట్టి పెడితే చాలు, ఆ బాక్టీరియా గడ్డిలోనే ఉంటుంది. దాని బీజాలు ఎంత గట్టివంటే మరిగే నీళ్ళలో ముంచి తీసినా చావవు. మిగతా సూక్ష్మజీవులు చస్తాయి, ఇది బతుకుతుంది, గింజలన్నీ దాని సొంతం అయిపోతాయి. 11వ శతాబ్దంలో ఒక సేనాపతి దండు గుర్రాల కోసం ఉడికించిన సోయాని గడ్డిలో మూటగట్టి మర్చిపోతే ఇది పుట్టిందని అక్కడ కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, గడ్డి సంగతి మాత్రం నిజం.

అది ఎలా ఉంటుందంటే, పుల్లలతో ఒక గింజ ఎత్తితే వంద తీగలు సాగుతాయి. బెండకాయ జిగురు దీని ముందు దిగదుడుపే. గడ్డం మీద, చేతి మీద, చొక్కా మీద సాలెగూడు దారాల్లా అతుక్కుంటుంది. వాసనలో కొంత అమ్మోనియా, కొంత ముగ్గిన చీజు, కొంత వర్షాకాలంలో ఆరని మేజోళ్ళు. నేను పదకొండు రోజులు ఆ డబ్బా ముట్టుకోలేదు. ఆవిడ ఒక్కరోజు కూడా "తిను నాయనా" అనలేదు, అలాగని పెట్టడమూ మానలేదు. రోజూ డబ్బా వస్తుంది, రోజూ వెనక్కి వెళ్తుంది. నాకే సిగ్గేసింది.

పన్నెండో రోజు బాగా చలి. ఆకలి కూడా ఎక్కువగానే ఉంది. పక్కన కూర్చున్నతను ఏం చేస్తున్నాడో చూశాను. డబ్బాలో ఉన్న చిన్న ఆవపిండి పొట్లం, సాస్ పొట్లం విప్పి పోశాడు. పుల్లలతో గిరగిరా, నురగ వచ్చేదాకా తిప్పాడు. సన్నగా తరిగిన ఉల్లికాడలు వేసి, పొగలు కక్కే అన్నం మీద ఒంపుకున్నాడు. నేనూ అంతే చేశాను. ముక్కు వద్దు వద్దంటూనే ఉంది. నోట్లో పెట్టుకున్నాక చూస్తే వేరే సంగతి. ఉడికిన పప్పు, కాస్త చేదు, ఆవఘాటు, వెనక నుంచి ఏదో కమ్మదనం. అద్భుతం అని అబద్ధం చెప్పను. సగం తిన్నాను. నెల తిరిగేసరికి అది లేకపోతే టిఫిను బోసిగా అనిపించేది. మరీ విదేశీ సరుకు అనుకోకండి, ఇలాంటి సోయానే సిక్కిం వైపు కినెమా అంటారు, మణిపూర్‌లో హవాయిజార్, నాగాలాండ్‌లో అఖుని. అంటే మన దేశంలోనే దీని అక్కచెల్లెళ్ళు ఉన్నారన్నమాట. ఈ అఖుని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముక్కు వద్దన్నది నాలుకకి ఎలా నచ్చింది? మనం వాసనని రెండు దారుల్లో పసిగడతాం. ఒకటి ముక్కుపుటాల్లోంచి లోపలికి. రెండోది నములుతున్నప్పుడు గొంతు వెనక నుంచి పైకి. వీధి గుమ్మం, పెరటి గుమ్మం అనుకోండి. పదార్థం ఒకటే అయినా వీధి గుమ్మంలో ఒకలాగా, పెరటి గుమ్మంలో ఇంకోలాగా తెలుస్తుంది. కాఫీ గింజల వాసన చూసి మైమరచిన పిల్లాడు డికాషన్ చప్పరించి మొహం వికారంగా పెడతాడు చూడండి, దానికి తలకిందులు ఈ నత్తో.

ఇంకొకటి, పేరు. 2001లో రేచల్ హెర్జ్, ఇంకొక పరిశోధకురాలు కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. ఐసోవలెరిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు కలిపిన వాసన ఒకటి. దాన్ని ఒకసారి పార్మెసాన్ చీజ్ అని చెప్పి చూపించారు, ఇంకోసారి వాంతి అని చెప్పి చూపించారు. సీసాలో ఉన్నది ఒకటే. చీజ్ అన్నప్పుడు బాగుందన్నారు, వాంతి అన్నప్పుడు ఛీ అన్నారు. అంటే ముక్కుకి ముందే చెవి తీర్పు ఇచ్చేసింది.

అదే ఏడాది జూలీ మెనెల్లా బృందం ఇంకోటి చూపించారు. కడుపుతో ఉన్నప్పుడు చివరి మూడు నెలలు క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, తర్వాత క్యారెట్ కలిపిన జావ పెడితే మిగతా పిల్లలకంటే తక్కువగా మొహం చిట్లించారట. పాలిచ్చే రోజుల్లో తాగినా అంతే. రుచి అలవాటు మనం పుట్టకముందే మొదలవుతుందన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పని ఉంది.

స్వీడన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్కడ సుర్‌స్ట్రొమ్మింగ్ అని, బాల్టిక్ సముద్రంలో దొరికే హెర్రింగ్ చేప. గుడ్లు పెట్టకముందు, వసంతంలో పడతారు. కుళ్ళిపోకుండా, అలాగని పులవకుండా ఆగిపోకుండా, సరిగ్గా అంత మాత్రమే ఉప్పు వేస్తారు. డబ్బాలో పెట్టాక కూడా పులుస్తూనే ఉంటుంది. అందుకే డబ్బా రెండు వైపులా ఉబ్బుతుంది. 2006లో ఎయిర్ ఫ్రాన్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ళు పేలే ప్రమాదం ఉందని దీన్ని విమానాల్లోకి రానివ్వలేదు. జర్మనీలో ఇంకో తమాషా. 1981లో ఒకడు ఈ చేప నీళ్ళు మెట్ల మీద పోశాడని ఇంటి యజమాని నోటీసు కూడా ఇవ్వకుండా ఖాళీ చేయించాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. యజమాని తరఫు వాళ్ళు ఏం వాదించారో గాని, కోర్టు హాల్లోనే ఒక డబ్బా తెరిచారు. తీర్పు యజమానికే వచ్చింది.

ఆగస్టు మూడో గురువారం నాడు దీన్ని తినడం అక్కడ ఆనవాయితీ. మా ఆఫీసులో ఒకాయన ఆ వారాంతం వాళ్ళ ఊరి ఇంటికి తీసుకెళ్ళాడు. డబ్బాని ఆరుబయట, బకెట్టు నీళ్ళలో ముంచి తెరిచాడు. నీళ్ళలో కూడా బుస్సుమంది. ఊళ్ళో ఈగలన్నీ పెళ్ళికి పిలిచినట్టు వచ్చాయి. చేప పొట్ట శుభ్రం చేసి, ముల్లు తీసి, పల్చటి రొట్టెకి వెన్న రాసి, ఉడికించిన బంగాళాదుంప, ఉల్లిపాయ ముక్కలు పరిచి, వాటి మధ్య ఒక్క చిన్న ముక్క పెట్టి చుట్టి ఇచ్చాడు. ఉప్పగా, పుల్లగా, ఊరగాయలో ముక్కలాగా ఉంది. రెండు చుట్లు తిన్నాను. మూడోది వద్దన్నాను. చొక్కా రెండుసార్లు ఉతికినా ఒక వారం పట్టింది.

ఐస్‌లాండ్ వాళ్ళ హాకర్ల్ నేను తినలేదు. గ్రీన్‌లాండ్ సొరచేప మాంసం అది. తాజాగా తింటే విషం. అందుకని గులకరాళ్ళ మధ్య కొన్ని వారాలు పాతిపెట్టి, తీసి, గాలికి నెలల తరబడి వేలాడదీస్తారు. దీని గురించి చదువుతుంటే నాకు తట్టిందేమిటంటే, ఇవన్నీ సరదాకి పుట్టిన వంటలు కావు. మనకి ఎండ ఉచితం, ఉప్పు మడులు పక్కనే. చేప దొరికితే ఉప్పు చల్లి ఇసుక మీద ఆరబోస్తాం. ఎండ లేని చోట, ఉప్పు బంగారమైన చోట చలికాలం ఎలా గడవాలి? పులియబెట్టాలి, పాతిపెట్టాలి, గాలికి కట్టాలి. మన గోదావరి జిల్లాల్లో తరవాణి కుండ పెట్టుకున్నవాళ్ళకి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి మా ఇంట్లో జరిగింది. మా నాన్నగారికి గుండె కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. సెలవుకి వస్తూ ఆయనకి రుచి చూపిద్దామని నత్తో పట్టుకొద్దామనుకున్నాను. ఆ ముసలావిడతో మాటల్లో చెప్తే, ఆవిడ మొహం మారిపోయింది. చెయ్యి అడ్డంగా ఊపి, వద్దే వద్దంది. ఎందుకంటే నత్తోలో విటమిన్ కె చాలా ఎక్కువ. అది ఆ మందు పని చెయ్యకుండా చేస్తుంది. ఆ మందు వాడేవాళ్ళని నత్తో తినొద్దని అక్కడి డాక్టర్లు గట్టిగా చెప్తారు. నేను మూడేళ్ళలో ఎప్పుడూ ఆవిణ్ణి అంత కంగారుగా చూడలేదు. రెండోది, ఇలాంటివి ఇంట్లో సొంత ప్రయోగాలు చెయ్యకండి. అలాస్కాలో చేపతలల్ని గడ్డి పరిచిన గోతుల్లో పులియబెట్టేవారు. తర్వాత ప్లాస్టిక్ డబ్బాల్లో మూసిపెట్టడం మొదలయ్యాక బొట్యులిజం అనే ప్రాణాంతకమైన విషం కేసులు పెరిగాయి. గాలాడే గొయ్యి వేరు, గాలాడని డబ్బా వేరు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది.

జపాన్‌లో తర్వాత అపార్ట్‌మెంటుకి మారాను. ఒక ఆదివారం పప్పుచారు చేసుకుని, ఇంగువ కాస్త ధారాళంగా వేసి పోపు పెట్టాను. సాయంత్రానికి తలుపు కింద ఒక కాగితం. చాలా మర్యాదగా రాశారు. అంతస్తులో గ్యాసు లీకైనట్టు వాసన వస్తోందని కొందరు ఆందోళన పడ్డారు, వంట చేసేటప్పుడు కిటికీలు మూసి ఫ్యాను వేసుకోగలరు అని. గ్యాసు లీకట! మనకి ఇంగువ లేని పోపు పోపే కాదు. జర్మన్లు ఇంగువని దయ్యం పెంట అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. నాకు మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే అలాంటి మాట నేనూ ఒకడికి చెప్పి ఉన్నాను, ఇంత మర్యాద కూడా లేకుండా.

అమీర్‌పేటలో కోచింగుల రోజులు. ఒక గదిలో నలుగురం. నాది కర్నూలు వైపు. కోడి, మేక అన్నీ తింటాం గాని ఎండుచేప ఇంట్లోకి రాదు. మాలో ఒకడిది శ్రీకాకుళం జిల్లా, భావనపాడు వైపు. ఇంటికెళ్ళినప్పుడల్లా వాళ్ళమ్మ ఎండు నెత్తళ్ళు మూటగట్టి ఇచ్చేది. వాడు వారానికోసారి వండుకునేవాడు. ఇంటి ఓనరు రెండుసార్లు పైకొచ్చి అరిచాడు. మూడోసారి మీ అందర్నీ ఖాళీ చేయిస్తానన్నాడు. ఆ రాత్రి మేం ముగ్గురం మాట్లాడుకున్నాం. వాడితో మాట్లాడే పని నాకు అప్పగించారు. "రేయ్, ఆ కంపు మానేస్తావా, వేరే రూము చూసుకుంటావా?" అన్నాను. కంపు అన్నాను, వాసన అనలేదు. వాడు ఏమీ అనలేదు. నాలుగు రోజుల్లో పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇది మా ఒక్క గది కథ అనుకోకండి. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య రాష్ట్రాల విద్యార్థుల కోసం ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో అఖుని, వెదురు మొలకల్లాంటి వాసన వచ్చే వంటలు చుట్టుపక్కల గొడవ రాకుండా వండుకోవాలని సలహా ఇచ్చారు. దాని మీద చాలా రభస జరిగింది. తర్వాత అదే వాసన చుట్టూ, 'అఖుని' అన్న పేరుతోనే 2019లో ఒక హిందీ సినిమా కూడా వచ్చింది. నేను మితోలో గర్వంగా తిన్న సోయా, ఢిల్లీలో ఒక అమ్మాయి తలుపులు మూసుకుని వండుకోవాల్సిన సోయా, రెండూ దాదాపు ఒకటే.

కిందటేడు వాడి నంబరు సంపాదించాను. ఫోన్ చేస్తే గుర్తుపట్టి "ఏట్రా, ఇన్నాళ్ళకి!" అన్నాడు. విశాఖలో ఉంటున్నాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక, ఆ రోజు అన్న మాటకి క్షమించమని అడిగాను. కాసేపు పలకలేదు. తర్వాత చెప్పాడు, మూసాపేటలో ఒక్కడే గది తీసుకున్నాడట, అద్దె రెట్టింపు. ఆ డబ్బు కోసం రెండో నెల క్లాసులు మానేశాడు, ఆ ఏడు పరీక్ష పోయింది. ఇది నాకు ఇంతకాలం తెలీదు. "పోన్లేరా, మరుసటేడు వచ్చింది కదా" అన్నాడు. అది క్షమించినట్టో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. నేను మళ్ళీ అడగలేదు.

మాట మార్చడానికి, పోయిన వారం నెత్తళ్ళు వండుకున్నావా అని నవ్వుతూ అడిగాను. వాడు నవ్వలేదు. "ఇంట్లో వండం రా. అపార్ట్‌మెంటు కదా. పెళ్ళైన కొత్తలో ఒకసారి వండితే పక్కవాళ్ళు అగరొత్తులు వెలిగించి తలుపు బయట పెట్టారు. మా ఆవిడ మళ్ళీ వండలేదు. పిల్లలిద్దరికీ అలవాటే లేదు. ఊరెళ్తే వాళ్ళ నాన్నమ్మ పెడితే ముక్కు మూసుకుంటారు" అన్నాడు.

ఇందాక క్యారెట్ రసం సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. నాకు అప్పుడు అదే గుర్తొచ్చింది. వాడి పిల్లల నోటికి ఆ రుచి అందకపోవడంలో నా మాట పాలు ఎంతో, ఆ అగరొత్తుల పాలు ఎంతో లెక్క కట్టలేను. ఇంగువ అయిపోయినా ఇంగువ కట్టిన గుడ్డ వాసన పోదంటారు. మనం అనేసిన మాటా ఆ గుడ్డ లాంటిదే.

సంక్రాంతికి రమ్మన్నాడు. వెళ్ళాను. వాళ్ళమ్మగారికి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనడం లేదు. నెత్తళ్ళ తలలు చేత్తో తడుముకుంటూనే తుంచేశారు. వట్టి మూకుట్లో సన్న సెగ మీద కాస్త వేయించి, గోరువెచ్చని నీళ్ళలో వేసి, ఇసుక పోయేదాకా నాలుగైదుసార్లు కడిగారు. ఉల్లిపాయ, పచ్చిమిరప, వంకాయ ముక్కలు, చింతపండు పులుసు. వాసన వచ్చింది. మామూలుగా రాలేదు, వీధి చివరిదాకా వచ్చింది. అక్కడ ఎవరూ తలుపులు వేసుకోలేదు. నా కంచంలో రెండోసారి వడ్డిస్తూ ఆవిడ "నీకు పడదని మావాడు చెప్పేవాడు బాబూ" అన్నారు. నాకు ముద్ద దిగడానికి కాసేపు పట్టింది. వాడు తలెత్తకుండా తింటున్నాడు. వాడి చిన్నవాడు, ఏడేళ్ళుంటాయి, నేను తింటుంటే చూసి ఒక నెత్తడు తీసుకుని కొరికాడు. మొహం చిట్లించాడు. మిగతా సగం మాత్రం పారెయ్యలేదు, కంచం అంచున పెట్టుకున్నాడు.

వచ్చేటప్పుడు ఆవిడ అరకిలో మూటగట్టి ఇచ్చారు. పోయిన ఆదివారం మా ఇంట్లో వండాను. వండేముందు కింద అంతస్తు వాళ్ళకీ, ఎదురింటి వాళ్ళకీ చెప్పొచ్చాను, ఈవేళ ఎండు నెత్తళ్ళు, కాస్త వాసన వస్తుందని. ఎదురింటాయన గుంటూరు మనిషి. ఒక్క నిమిషం నన్ను అలా చూసి, లోపలికెళ్ళి చిన్న గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఇంకో ఎపిసోడ్‌లో తరవాణి కుండ ఎలా పెడతారో, ఎండాకాలంలో అది ఎందుకు తాగేవారో మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్కారం.